ముందుగా శ్రీ

ఆదిలాబాద్,
జూలై 6, 1993.

ప్రమోదినికి,

ప్రేమ పొంగుకొచ్చి రాస్తున్నానని అనుకోకు. రాసిన ప్రోగ్రాం కంపైల్ చేయమని కంప్యూటర్‌కు కమాండ్ కొట్టి కూర్చున్నాను. అది ముగిసేలోపు నీకు రెండు పేజీలు రాయొచ్చు. నిన్న ఇదే పని జరుగుతుంటే బాపు స్వెట్టర్‌కు ఒక చెయ్యి సగం అల్లాను.

మా మిల్లు సంగతి నీకు పూర్తిగా తెలియదు కదా. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు, జనార్దన్‌రావు గారిది. అందరూ ఆయన్ని రావు సాబ్ అంటారు. మూడేళ్ల కిందట ఒక యూనిక్స్ యంత్రం కొన్నారు. ఒక పెట్టె, దానికి నాలుగు టెర్మినల్స్. పత్తి బండి కాంటా ఎక్కగానే ముసలి గుమాస్తా అంతయ్య తూకం ఎక్కించి చిట్టీ తీస్తాడు. ప్రోగ్రాములు రాసేది నేను. ఈ ఏడు తక్‌పట్టీ కూడా యంత్రమే తీయాలట. తక్‌పట్టీ అంటే తూకం, ధర, కోతలు అన్నీ వేసి రైతు చేతికిచ్చే కాగితం. దీపావళి దాటితే పత్తి రావడం మొదలవుతుంది, ఆలోపు అయిపోవాలి.

యంత్రం చెడిపోలేదు, కానీ నడవడం లేదు. ఈ రోజు తేదీ ఎంత అని అడిగే డేట్ కమాండ్ కొడితే కూడా ఆలోచనలో పడుతుంది. తేదీ చెప్పడానికి ఆలోచించేదేముందే? మొదటి ఏడాది కీబోర్డు మీంచి చెయ్యి తీయకముందే జవాబు వచ్చేది. ఇప్పుడు ప్రోగ్రాములో ఒక్క అక్షరం దిద్ది, మళ్లీ కంపైల్ చేయించే మేక్ కొడితే, లేచి చాయ్ తాగి, అంతయ్య మనవరాలి పెళ్లి సంబంధాల కథంతా విని వచ్చినా ఇంకా అక్కడే ఉంటుంది.

కిందటి నెల హైదరాబాద్ నుంచి ఇంజనీరు వచ్చాడు. మూత తీసి దూది దులిపి, కొత్త యంత్రం కొనుక్కోండని చెప్పి బస్సెక్కాడు. రావు సాబ్ యంత్రాన్ని చూడలేదు, నన్ను చూశాడు. "యంత్రం మంచిగనే ఉన్నదేమో బిడ్డా. నీ చెయ్యే జర మెల్లగున్నదేమో. దీపావళి దాకా చూస్త. తక్‌పట్టీ రాకుంటే ఇంకో మనిషిని చూసుకుంట" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా, ఎండ గురించి మాట్లాడినట్టు అన్నాడు.

బాపు రిటైరయ్యాక ఇంట్లో జీతం నాదొక్కటే. ఈ ఊళ్లో ఇంకో యూనిక్స్ యంత్రం ఎక్కడుంది చెప్పు, ఇది పోతే వెళ్లడానికి? అలసిపోయానే. పని చేసి కాదు, పని కాకపోవడం చూసి చూసి. ఎక్కడ వెతకాలో నువ్వు చెప్పు.

నీ
దెబోరా


శ్రీ

కరీంనగర్,
జూలై 19, 1993.

దెబోరా,

పని పడితేనే గుర్తొస్తానన్నమాట. సరే, ఆ మాత్రమైనా గుర్తున్నాను.

మా ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త బ్యాచ్ మొదలైంది. ఆరేళ్లుగా అదే మొదటి పాఠం. ఒక కీబోర్డు ముందు ముగ్గురు పిల్లలు కూర్చుంటారు, ఒకడు కొడితే ఇద్దరు చూస్తారు. మధ్యాహ్నం కరెంటు పోతే బోర్డు మీద కీబోర్డు బొమ్మ గీసి దాని మీదే వేళ్లు పెట్టిస్తున్నాను. నవ్వకు. నాలుగు టెర్మినల్స్ పెట్టుకుని ఏడుస్తున్నావు నువ్వు.

ముందు ఒక సంగతి తేల్చుకో. యంత్రం పని చేస్తూ ఆలస్యం చేస్తోందా, అసలు పని మొదలుపెట్టకుండా ఆలస్యం చేస్తోందా? ఈ రెండూ వేరు వేరు రోగాలు. కమాండ్ ముందు టైమ్ అని చేర్చి కొట్టు. మొత్తం ఎంతసేపు పట్టిందో, అందులో నిజంగా పని చేసింది ఎంతసేపో విడివిడిగా చూపిస్తుంది. మొత్తం పెద్దదై, పని చేసినది చిన్నదైతే, అది దేనికోసమో ఆగుతోందని అర్థం. అప్పుడు కొత్త యంత్రం కొన్నా లాభం లేదు, అదీ ఆగుతుంది.

ఇంకొకటి. అదే కమాండ్‌ను వెంటనే రెండోసారి కొట్టి చూడు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. నీ ఊహలు కలపకు, హాస్టల్లో నీకు ఆ అలవాటు ఉండేది.

ప్రమోదిని


ఆదిలాబాద్,
ఆగస్టు 2, 1993.

ప్రమోదినికి,

నువ్వన్నట్టే చేశాను. మొత్తం సమయం చాంతాడంత. పని చేసింది గోరంత. మిగతాదంతా ఊరికే ఆగడమే.

రెండోసారి డేట్ కొడితే చప్పున వచ్చింది. మూడోసారీ అంతే. బయటికి వెళ్లి మళ్లీ లాగిన్ అయితే, మళ్లీ మొదటికే. మేక్ మాత్రం ఎన్నిసార్లు కొట్టినా ఎప్పుడూ నిదానమే. రెండోసారి, మూడోసారి అన్న తేడా దానికి లేదు.

అంతయ్య యంత్రానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. "దిష్టి తాకింది బిడ్డా, లేకుంటే గింత మంచి మిషిను గిట్లెందుకైతది" అన్నాడు. నేను అవునన్నాను, కాదనలేదు. పోయినేడు దసరాకు యంత్రానికి పూజ చేసినప్పుడు నేను కాస్త వెనక నిల్చున్నాను. చర్చికి వెళ్లేదాన్ని, ముందుకు తోసుకుని వెళ్తే బాగోదనుకున్నాను. దూరంగా నిలబడ్డందుకూ ఎవరో ఒక మాట అననే అన్నారు. అప్పటినుంచి ఇలాంటివాటి దగ్గర నోరు మెదపడం మానేశాను.

ఇక్కడ ఇంకో వాక్యం రాసి కొట్టేశాను. ఏమీ లేదులే. తర్వాత ఏం చూడాలి? త్వరగా రాయి.

దెబోరా


శ్రీ

కరీంనగర్,
ఆగస్టు 14, 1993.

దెబోరా,

దొరికినట్టే ఉంది. నీ ఉత్తరం క్లాసులో బల్ల కింద పెట్టుకుని చదివాను.

డేట్ అని కొట్టగానే, కమాండ్లు అందుకునే షెల్ ఆ పేరున్న ప్రోగ్రాం ఎక్కడుందో వెతుకుతుంది కదా. ఫైళ్లుండే ఏ డైరెక్టరీల్లో, ఏ వరుసలో వెతకాలో పాత్ అనే జాబితా చెబుతుంది. మొదటిదాంట్లో లేకపోతే రెండోది, అందులోనూ లేకపోతే మూడోది. ఒకసారి దొరికితే ఆ చోటు గుర్తుపెట్టుకుంటుంది, అందుకే నీకు రెండోసారి చప్పున వచ్చింది. లాగౌట్ అయితే మరచిపోతుంది. మేక్ సంగతి ఇంకా అన్యాయం. అది ప్రతి పంక్తికీ ఒక కొత్త షెల్‌ను పిలుస్తుంది. వచ్చినవాడల్లా ఊరికి కొత్తవాడే. మొదటి ఇంటి నుంచి మళ్లీ అడుక్కుంటూ వస్తాడు.

కాబట్టి యంత్రం పని దగ్గర ఆగడం లేదు, వెతకడం దగ్గర ఆగుతోంది. డేట్ అని కాకుండా దాని పూర్తి చిరునామా, స్లాష్ బిన్ స్లాష్ డేట్ అని కొట్టి చూడు. వెంటనే వస్తే నా మాట నిజం. నీ పాత్‌లో ఏమేం ఉన్నాయో వరుసగా రాసి పంపు.

మా బాపు మొన్న కొండగట్టుకు వెళ్లి వచ్చాడు. అక్కడ మీ ఊరివాళ్లు కొందరు కలిశారట. ఆ కబుర్లు తర్వాత రాస్తాను. ఈ వారం గొంతు పోయింది, సుద్దముక్క పట్టుకోవడానికి కూడా ఓపిక లేదు.

ప్రమోదిని


ఆదిలాబాద్,
ఆగస్టు 27, 1993.

ప్రమోదినికి,

పూర్తి చిరునామాతో కొడితే వెంటనే వచ్చింది. నీ మాట నిజం.

పాత్‌లో మొట్టమొదట ఉన్నది స్లాష్ శ్రీ. అవును, శ్రీయే. ఆ తర్వాతే బిన్, మిగతావి. యంత్రం బిగించిన రోజు రావు సాబ్ "పైన శ్రీ లేనిది మా దగ్గర ఏ కాయితం నడవదు. గీ మిషిన్ల సుత ముందుగాల శ్రీ ఉండాలె" అన్నాడట. బిగించడానికి వచ్చినవాడు నవ్వుకుని, ఆ పేరుతో ఒక ఖాళీ డైరెక్టరీ చేసి, పాత్‌లో ముందు పెట్టాడు. ఏ కమాండ్ కొట్టినా యంత్రం ముందు శ్రీని చూసి తర్వాతే కదులుతుందని చెబితే ఆయన సంతోషించాడు.

అది ఇప్పుడు ఖాళీగా లేదు. శ్రీ అనకుండా లెక్క మొదలుపెట్టకూడదని అంతయ్య ప్రతి కాంటా చిట్టీనీ ఒక ఫైలుగా అందులోనే పెట్టాడు. మూడు సీజన్ల చిట్టీలు. ఎన్ని ఉన్నాయో చూద్దామని కొడితే తెర మీద పేర్లు పరుగెత్తుతూనే ఉన్నాయి, చివరికి నేనే ఆపేశాను.

ఒక సాయం చేస్తావా? ఈ సంగతి రావు సాబ్‌కు నువ్వు ఒక ఉత్తరం రాయి. కరీంనగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నానని, సుదర్శన్‌రావు గారి అమ్మాయినని రాయి. మీ బాపు పేరు ఆయనకు తెలిసే ఉంటుంది. నువ్వు చెబితే వింటాడు.

దెబోరా


శ్రీ

కరీంనగర్,
సెప్టెంబరు 8, 1993.

దెబోరా,

రోగం తెలిసింది. యంత్రం మొదట శ్రీలో చూస్తుంది. డేట్ అక్కడ లేదని తెలియాలంటే అంతయ్య పెట్టిన చిట్టీల పేర్లన్నీ మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఒక్కో కమాండ్‌కు అలా చదువుతుంది. మేక్ అయితే పంక్తి పంక్తికీ చదువుతుంది. నాకే జాలేసింది దాని మీద.

ఇది రాసేసి సంతోషంగా కలం మూద్దామనుకున్నాను. కానీ ఒకటి గుచ్చుకుంటోంది.

హాస్టల్లో పరీక్షకు ముందు నాకు పాత్ అంటే ఏమిటో చెప్పింది నువ్వు. నేను ఏడుస్తుంటే, పోస్ట్‌మ్యాన్ బొమ్మ గీసి, ఇల్లిల్లూ తిప్పి చూపించావు. నీకు ఇది తెలియదా? ఆ యంత్రం ముందు రోజంతా కూర్చునేదానివి. శ్రీ కథ ఒక్క ఉత్తరంలో, బిగించిన రోజు మాటలతో సహా, వెతుక్కోకుండా రాసేశావు. ఆ కొట్టేసిన వాక్యం ఏమిటి?

సూటిగా అడుగుతున్నాను. నీకు ఎప్పటినుంచి తెలుసు?

ప్రమోదిని


ఆదిలాబాద్,
సెప్టెంబరు 20, 1993.

ప్రమోదినికి,

జూన్ నుంచి తెలుసు. ఇంజనీరు వెళ్లిన వారంలోనే చూశాను.

చూశాక ఏం చేయాలో తెలియలేదు. ఒక్కసారి ఆలోచించు. యంత్రం నిదానంగా ఉంది, కారణం శ్రీ, శ్రీని ముందు నుంచి తీయాలి అని ప్రమోదిని చెబితే అది కంప్యూటర్ సంగతి. అదే మాట దెబోరా చెబితే? దేవసహాయం బిడ్డ, ఆదివారం చర్చిలో పాడే పిల్ల, వచ్చి శ్రీని తీసెయ్యమన్నదని మిల్లంతా పాకుతుంది. నేను పాత్ అంటే ఏమిటో చెప్పేలోపే నా మీద తీర్పు అయిపోతుంది. ఎవరితోనూ చెప్పకుండా తీసేద్దామని కూడా అనుకున్నాను. అంతయ్య మరుసటి రోజే కనిపెడతాడు. అప్పుడు దొంగతనంగా తీసిందంటారు.

అందుకే నీకు రాశాను. నువ్వే వెతికి, నువ్వే కనిపెట్టి, నువ్వే రాస్తే బాగుంటుందనుకున్నాను. కనిపెట్టింది నువ్వే అయితే నేను నీతో అబద్ధం చెప్పించినట్టు కాదు కదా అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను.

కొట్టేసిన వాక్యం ఇదే. అప్పుడు ఉంచడానికి ధైర్యం చాల్లేదు, ఇప్పుడు రాస్తున్నాను: ఏ మాట మాట్లాడినా ముందు నేనెవరో గుర్తుచేసుకుని మాట్లాడాల్సి రావడం ఎంత అలసటో నీకు తెలియదు. తెలియాలని కోరుకోను కూడా.

ఆ ఉత్తరం రాయవే.

దెబోరా


కరీంనగర్,
అక్టోబరు 1, 1993.

దెబోరా,

రాయను.

నీకు కావలసింది నా బుర్ర కాదు, నా ఇంటిపేరు. క్లాసులో బల్ల కింద పెట్టుకుని చదివాను నీ ఉత్తరాలు. ఆరేళ్ల తర్వాత ఎవరో నన్ను ఒక నిజమైన ప్రశ్న అడిగారని మురిసిపోయాను. రాత్రి పడుకున్నా అదే ఆలోచన. నువ్వేమో జవాబు చేతిలో పెట్టుకుని, నన్ను ఇల్లిల్లూ తిప్పావు. ఇన్ని ఉత్తరాల్లో నేనెలా ఉన్నానని ఒక్కసారి అడిగావా? వెతికి చూడు.

నేనూ ఒకటి దాచాను. కొండగట్టులో బాపుకు కలిసింది మీ రావు సాబే. "మా దగ్గర పిల్ల చెయ్యి మెల్లగున్నది. మీ బిడ్డ చదివిందట కదా, దీపావళి తర్వాత పంపుండ్రి" అన్నాడట. అంటే నీ కుర్చీ. బాపు ఇంటికొచ్చి చెబితే నేను వెంటనే వద్దనలేదు. నాలుగు టెర్మినల్స్, నిజమైన యంత్రం, మొదటి పాఠం చెప్పనక్కర్లేని జీవితం అనుకున్నాను. అనుకుంటూనే నీకు పాత్ గురించి రాశాను. అది నీకు తెలియాలి.

ఇప్పుడు ఆయనకు నేను ఉత్తరం రాశాననుకో. శ్రీ సంగతి తేల్చిన మనిషిని ఆయన ఎందుకు వదులుతాడు? నిన్ను వదిలి నన్ను పిలుస్తాడు. నీ మాట నువ్వే చెప్పుకో. ఆయన వినకపోతే అప్పుడు చూద్దాం. చెప్పకముందే వినడని ఎలా అంటావు?

ప్రమోదిని


ఆదిలాబాద్,
అక్టోబరు 28, 1993.

ప్రమోదినికి,

నీ ఉత్తరం మీద ఈసారి శ్రీ లేదు. అంత కోపంలో ఉన్నావని దానితోనే తెలిసింది. నువ్వు అన్నవన్నీ నిజమే. కుర్చీ సంగతి చదివి ఏడ్చాను, తర్వాత నీ మీద కోపం రాలేదు. నేనైనా రెండు రోజులు ఆలోచించేదాన్నే.

చెప్పాను. దసరా మరునాడు. రావు సాబ్ ముందు కొత్త లెక్కల బుక్కు తెరిచి ఉంది. మొదటి పేజీలో కుంకుమతో శ్రీ, మిగతా పేజీ అంతా తెల్లగా ఉంది. అంతయ్య పక్కనే నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆ పేజీనే పట్టుకున్నాను.

"సార్, గీ పేజీల శ్రీ ఒక్కటే రాసి తెల్లగ ఇడిసిపెట్టిండ్రు. ఎందుకు?"

"శ్రీ రాసిన కాడ లెక్కలు రాస్తరా ఎవలన్న?"

"మన మిషిన్ల రాసినం సార్. మూడేండ్ల చిట్టీలన్ని శ్రీలనే ఉన్నయి. ఏ పని చెప్పినా మిషిను ముందుగాల గవన్ని చదువుకుంట కూసుంటుంది. గందుకే మెల్లగైంది."

అంతయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "నేనే వెట్టిన దొరా. శ్రీల ఉంటే మంచిగుంటదనుకున్న" అన్నాడు.

రావు సాబ్ బుక్కు మూశాడు. తర్వాత నన్నడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"జూన్ల."

"మరి గిన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"నేను చెప్తే మీరెట్ల వింటరో అని భయమైంది సార్."

"నేను గంత పరాయోని లెక్క కనవడ్తున్ననా నీకు" అన్నాడు. నొచ్చుకున్నట్టే అన్నాడు, నటించలేదు. నేను తేలికపడ్డాను. కానీ లేస్తూ అంతయ్య వైపు తిరిగి, "చిట్టీలు తీసేది నువ్వు తియ్యి. పిల్లను తియ్యనియ్యకు" అన్నాడు. రెండు మాటలూ ఒకే మనిషి, ఒకే నోటితో. నేను పక్కన కూర్చుని ఏ మీట నొక్కాలో చెప్పాను, అంతయ్య ప్రతిసారీ శ్రీ అనుకుంటూ నొక్కాడు. చిట్టీలన్నీ వేరే డైరెక్టరీకి వెళ్లాయి. శ్రీ ఖాళీ అయింది.

లాగిన్ అయి డేట్ కొట్టాను. అప్పటిలాగే ఆగింది.

మళ్లీ కొట్టాను. మేక్ కొట్టాను. యంత్రం ఆపి, మళ్లీ పెట్టి కొట్టాను. ఏమీ మారలేదు. శ్రీలో ఒక్క ఫైలు లేదు, నా కళ్లతో చూశాను. కాంటా దగ్గర ఎవరో "శ్రీని కదిలిస్తే గట్లనే ఐతది" అన్నారు. నాకు వినపడాలనే అన్నారు. రావు సాబ్ లోపలికి వెళ్లిపోయాడు. దీపావళి రెండు వారాల్లో ఉంది.

ఇప్పటిదాకా నాకు తెలిసి అడిగాను. ఈసారి తెలియక అడుగుతున్నాను. నీ ఇంటిపేరు వద్దు. ఖాళీ డైరెక్టరీ ఎందుకు ఇంత ఆలస్యం చేస్తుంది?

దెబోరా


కరీంనగర్,
నవంబరు 2, 1993.

దెబోరా,

కార్డు రాస్తున్నాను, త్వరగా చేరుతుంది. ఫైళ్లు తీసేసినా డైరెక్టరీ చిన్నదవదు. ఒకసారి పెరిగిందంటే అంతే పొడవు ఉంటుంది. పేర్లు పోతాయి, పేర్లున్న చోట్లు మిగులుతాయి. పెళ్లి బంతిలో అందరూ లేచిపోయినా విస్తళ్లు ఎత్తలేదనుకో, వడ్డించేవాడు చివరిదాకా నడిచి చూస్తూనే ఉంటాడు. పాత శ్రీ పేరు మార్చి పక్కన పెట్టండి. శ్రీ అని కొత్తది ఒకటి చేయండి. అది పాత్‌లో మొదటే ఉండనీ, ఖాళీగా ఉన్నంతకాలం దానివల్ల ఏ ఆలస్యమూ లేదు. ఎవరినీ ఎక్కడినుంచీ తీయనక్కర్లేదు.

నీ కుర్చీ నాకు వద్దని బాపుతో రాయించేశాను. నీ చెయ్యి మెల్లది కాదని కూడా.

ప్రమోదిని


ఆదిలాబాద్,
డిసెంబరు 18, 1993.

ప్రమోదినికి,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకో. ముందు జరిగింది చెబుతాను.

నీ కార్డు దీపావళికి వారం ముందు చేరింది. తీసుకెళ్లి రావు సాబ్‌కు చదివి వినిపించాను. పాత్ అవీ ఆయనకు అర్థం కాలేదు, విస్తళ్ల సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు. లేచి యంత్రం గదిలోకి వచ్చాడు. అంతయ్య అలవాటుగా కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు. "నువ్వు జరుగు అంతయ్యా. కొత్త శ్రీ కదా, ఎరికున్నోళ్లు రాయాలె. నువ్వే కొట్టు బిడ్డా" అన్నాడు.

పాతదాని పేరు మార్చి పక్కన పెట్టి, కొత్తదానికి శ్రీ అని కొట్టాను. లాగిన్ అయి డేట్ కొట్టాను. చెయ్యి తీయకముందే తేదీ వచ్చింది. అంతయ్య చేతులు జోడించాడు. యంత్రానికో, శ్రీకో, నాకో అడగలేదు. తక్‌పట్టీ పండుగకు ముందే తయారైంది. మొదటి బండి రైతు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు.

ఇక ఆలస్యానికి కారణం. యంత్రం చురుగ్గా ఉందని తెలిసి రావు సాబ్ ఇంకో రెండు మిల్లుల పని కూడా తెచ్చాడు. మేక్ కొడితే నీళ్లు తాగేలోపు అయిపోతోంది. అయిపోగానే తర్వాతిది. నీకు నేను రాసిన ఉత్తరాలన్నీ ఎప్పుడు రాశానో తెలుసా? అది ఆగినప్పుడల్లా రాశాను. ఇప్పుడు అది ఆగడం లేదు. ఇంటికెళ్తే బాపుకు వంట, మందులు, కళ్లు మూతలు పడతాయి. స్వెట్టర్ ఒక చేత్తోనే ఉంది, చలి వచ్చేసింది. ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. అదిగో, అయిపోయింది, పిలు


శ్రీ

కరీంనగర్,
జనవరి 9, 1994.

దెబోరా,

నీ ఉత్తరం మాట మధ్యలో ఆగిపోయి వచ్చింది. సంతకం కూడా లేదు. కవరు మీద చేతిరాత చూసి నీదని నమ్మాను.

రోగం కుదిరాక ఇలా అవుతుందని నేను అనుకోలేదు. నీ యంత్రాన్ని బాగుచేసి నా ఉత్తరాలు నేనే పోగొట్టుకున్నాను. కోపం ఎప్పుడో పోయింది. నువ్వు రాయని ఆ నెలన్నర ఆ కోపం కన్నా అధ్వాన్నం. ఇక్కడ మళ్లీ కొత్త బ్యాచ్. మళ్లీ కీబోర్డు బొమ్మ.

దీనికి కూడా ఒక మందు ఉంది. స్లీప్ అని ఒక కమాండ్ ఉంది, గుర్తుందా? క్లాసులో అది ఎందుకు పనికొస్తుందని నవ్వుకునేవాళ్లం. అది ఏ పనీ చేయదు. చెప్పినంతసేపు ఊరుకుంటుంది, అంతే. మేక్ చదువుకునే నీ మేక్‌ఫైల్‌లో ఎక్కడో ఒకచోట ఆ ఒక్క పంక్తి పెట్టు. రోజూ వద్దు, అలా చేస్తే రావు సాబ్‌కు అన్యాయం. శనివారం సాయంత్రం చివరి కంపైల్‌కు పెట్టు. అది నిద్రపోయినంతసేపు నువ్వు నాకు రాయి.

ప్రమోదిని


ఆదిలాబాద్,
జనవరి 22, 1994. శనివారం.

ప్రమోదినికి,

పెట్టాను. ఇప్పుడు అది నిద్రపోతోంది.

అంతయ్య వచ్చి తెర వైపు చూశాడు. "మళ్ల మొరాయిస్తుందా బిడ్డా?" అని అడిగాడు, పాపం భయంగా.

"లేదు తాతా. జర పండుకున్నది."

"పండనియ్యి. పొద్దుందాక చేసింది" అని, తనూ ఒక కుర్చీ తెచ్చుకుని గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. గదిలో చప్పుడు లేదు. కిటికీ మీద దూది పేరుకుంది.

బాపు సంగతి, మిల్లు సంగతి తర్వాత రాస్తాను. నీ అక్టోబరు ఉత్తరం చదివాక, నువ్వన్నట్టే వెతికి చూసుకున్నాను. ఒక్కసారీ అడగలేదు. అందుకని ఈసారి అదే ముందు అడుగుతున్నాను, ఇంకేదీ అడగను.

ఎలా ఉన్నావే?

నీ
దెబోరా